భద్రతా దీపిక: పెద్ద బ్యాటరీ, చిన్న బ్యాటరీ

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. భద్రత విషయంలో మాత్రం మనలో చాలామందిమి రచ్చ గెలిచి ఇంట ఓడుతున్నాము. కర్మాగారంలో శిరస్త్రాణం లేనిదే అడుగు వేయని వారమే, గేటు దాటగానే ఆ జాగ్రత్తను కూడా అక్కడే వదలి వస్తున్నాము. ఇందుకు నిదర్శనం మేమే.

గత వేసవిలో సకుటుంబంగా అన్నవరం వెళ్లి, దైవదర్శనం చేసుకొని, విద్యుత్ కారులో విశాఖపట్నానికి తిరుగు ప్రయాణమైనాము. తుని దాటిన కొంతసేపటికి మా అమ్మాయి, "నాన్నా, ఏదో బ్యాటరీ బొమ్మ ఎర్రగా వెలుగుతోంది" అన్నది. తెరపై 58 శాతం చార్జి కనబడుతున్నది. "చాలినంత ఉందిలే తల్లీ" అని ముందుకే సాగాము.

యలమంచిలి సమీపిస్తుండగా చీకటి పడింది. ఒక్కసారిగా తెర ఆరిపోయింది, కారు చోదక శక్తి పూర్తిగా పోయింది. మేమున్నది కుడి వరుసలో, వెనుక లారీ. స్టీరింగు బరువెక్కింది. బలమంతా ఉపయోగించి, మిగిలిన వేగంతోనే ఎడమ అంచుకు చేరాము. లారీ మమ్ములను రాసుకొన్నంత దగ్గరగా దాటిపోయింది.

మరునాడు పరీక్షలో తేలినదేమనగా, పెద్ద బ్యాటరీలో ఏ లోపమూ లేదు. విద్యుత్ కారులో బ్యాటరీలు రెండు. మోటారును నడిపే ప్రధాన బ్యాటరీ వోల్టేజి పలు కార్లలో 300 నుండి 400 వోల్టులు, కొన్నింటిలో 800 వరకు ఉంటుంది. దానిని మోటారుతో కలిపే కాంటాక్టర్లను పట్టి ఉంచేది మాత్రం 12 వోల్టుల చిన్న బ్యాటరీ. మన ప్లాంటులో మోటారు స్టార్టరు ఎరిగినవారికి ఇది కొత్త కాదు. కంట్రోల్ సప్లై పోతే కాంటాక్టరు వదిలివేస్తుంది. ఎంత పెద్ద మోటారైనా నిలిచిపోతుంది. పెట్రోలు కారులో ఆల్టర్నేటరు చేసే పనిని ఇందులో డీసీ-డీసీ కన్వర్టరు చేస్తుంది. మా కారులో చెడినది అదే. చిన్న బ్యాటరీ క్రమంగా ఖాళీ అయిపోయింది. మా అమ్మాయి చూసిన ఎర్ర బొమ్మ ఆ సంగతే చెప్పింది.

ఇది అరుదైన లోపమే గాని ఊహాజనితం కాదు. చిన్న బ్యాటరీని చార్జి చేసే విభాగం దెబ్బతిని కారు శక్తి కోల్పోవచ్చునన్న కారణంతో హ్యుందాయ్, కియా సంస్థలు 2024లో అమెరికాలో సుమారు 1,47,000 వాహనాలను మరమ్మతుకై వెనుకకు పిలిపించాయి. మా కారు ఆ సంస్థలది కాదు.

ఇటువంటి ఆపద ఎదురైనచో పాటించవలసినవి:

1. ఉన్నచోటనే బ్రేకు వేయరాదు. ప్రమాద సూచక దీపాలు వెలిగించి, ఉన్న వేగంతోనే ఎడమ అంచుకు చేరాలి.

2. స్టీరింగు, బ్రేకు బరువెక్కినా సాధారణంగా పూర్తిగా పోవు. స్టీరింగును రెండు చేతులతో తిప్పాలి. బ్రేకును పదేపదే తొక్కక, ఒకేసారి గట్టిగా అదమాలి.

3. ఆగిన వెంటనే అందరూ ఎడమవైపు నుండి దిగి, రక్షణ కంచెకు ఆవల నిలవాలి. తలుపులు విద్యుత్తుతో తెరుచుకొనే కార్లలో చేతితో తీసే మీట ఎక్కడున్నదో ముందే తెలిసి ఉండాలి.

4. ప్రమాద సూచక దీపాలు కూడా ఆ 12 వోల్టులపైనే ఆధారపడినవి. కనుక ఎర్ర త్రికోణం, టార్చిలైటు కారులో తప్పనిసరి. జాతీయ రహదారి సహాయానికి 1033, అత్యవసరానికి 112.

5. నారింజ రంగు తీగలను ముట్టరాదు. తాడు కట్టి లాగించరాదు; చక్రాలు తిరిగితే మోటారు జనరేటరుగా మారవచ్చు. కారును ఎత్తి మోసుకుపోయే ఫ్లాట్‌బెడ్ వాహనాన్నే పిలిపించాలి.

కర్మాగారంలో అపాయం తృటిలో తప్పితే దానిని నమోదు చేయడం మన విధి. ఆ అలవాటు చొప్పుననే ఈ సంఘటనను ఇక్కడ నమోదు చేస్తున్నాము. కంట్రోల్ రూములో ఎర్ర దీపం వెలిగితే మనలో ఎవరమూ "చాలులే" అని ఊరుకోము. ఈ ఆదివారం ఇంటిల్లిపాదినీ కారు వద్దకు తీసుకువెళ్లి, తలుపు మీటను, త్రికోణాన్ని చూపించండి. దారిలో పిల్లలు దేనినైనా చూపి అడిగితే, ముందు బండి పక్కకు ఆపండి.