యంత్రం వచ్చేలోపు కాళ్లను కాపాడుకుందాం

పారిస్‌ ఒలింపిక్స్‌ జ్యోతిని 2024 జులైలో కొంత దూరం మోసినవారిలో కెవిన్‌ పియెట్‌ ఒకరు. ఆయన ఫ్రాన్స్‌కు చెందిన వీల్‌చెయిర్‌ టెన్నిస్‌ ఆటగాడు. ప్రమాదంలో కాళ్లు చచ్చుబడ్డాయి. అయినా ఆ రోజు జ్యోతి పట్టుకొని నిలబడి నడిచారు. ఒంటికి తొడుక్కున్న మోటార్ల యంత్రం ఆయన కాళ్లను కదిలించింది. ఇలాంటి వీడియోలు మీ ఫోన్‌కూ వచ్చే ఉంటాయి. ఇంట్లో పక్షవాతంతో మంచం పట్టిన నాన్నో, బైకు ప్రమాదంలో వెన్నుపాము దెబ్బతిన్న తమ్ముడో ఉంటే వాటిని మామూలు వీడియోల్లా చూసి వదిలేయలేం. 'ఇది ఎక్కడ దొరుకుతుంది? ఎంత అవుతుంది?' అనే మనసు లాగుతుంది. అది న్యాయమైన ఆశే. కానీ అంతకన్నా ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఇంకోటుంది. రేపు ఆ యంత్రం మన గుమ్మంలోకి వస్తే, దాన్ని తొడుక్కోగల స్థితిలో మనవాళ్ల శరీరం ఉంటుందా?

పీతకు, రొయ్యకు గట్టి భాగం ఒంటి బయట ఉంటుంది కదా. ఈ యంత్రాలూ అలాంటివే. అందుకే వీటిని ఎక్సోస్కెలిటన్లు అంటున్నారు. తుంటి, మోకాళ్ల దగ్గర మోటార్లు, వీపునో నడుముకో బ్యాటరీ, చిన్న కంప్యూటర్‌ ఉంటాయి. తొడుక్కున్నవారు ఒంటిని కాస్త ముందుకు వంచగానే సెన్సర్లు పసిగట్టి ఒక కాలిని ఎత్తి ముందుకు వేయిస్తాయి. జపాన్‌లో తయారైన 'హాల్‌' పద్ధతి వేరు. కాలు కదపాలని మనం అనుకున్నప్పుడు మెదడు నుంచి కండరాలకు సంకేతాలు వెళ్తాయి. వాటి జాడ చర్మం మీద అతి స్వల్ప విద్యుత్తుగా కనబడుతుంది. దాన్ని పట్టుకొని మోటార్లు సాయం చేస్తాయి. కొన్ని అరుదైన నరాల, కండరాల జబ్బుల్లో ఈ చికిత్సకు జపాన్‌ ఆరోగ్య బీమా 2016 నుంచి వర్తిస్తోంది. కాబట్టి ఇవి సినిమా బొమ్మలు కావు, నిజంగా పనిచేస్తున్న సాధనాలే. అయితే అందరికీ పనిచేయవు.

దీనికి పెద్ద ఉదాహరణ 'రీవాక్‌' యంత్రాన్ని సృష్టించిన ఇజ్రాయెల్‌ ఇంజినీరు అమిత్‌ గోఫర్‌ జీవితమే. 1997లో జరిగిన ప్రమాదంలో ఆయనకు కాళ్లతో పాటు చేతులూ చచ్చుబడ్డాయి. ఏళ్ల తరబడి శ్రమించి నడిపించే యంత్రాన్ని తయారుచేశారు. అమెరికా నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2014లో దాన్ని ఇంట్లో వాడుకోవటానికి అనుమతించింది. ఎందరో దాంతో లేచి నిలబడ్డారు. గోఫర్‌ మాత్రం దాన్ని వాడలేకపోయారు. ఎందుకంటే రీవాక్‌ తొడుక్కున్నవారు చేతికర్రలతో తమ బరువును ఆపుకోవాలి. ఆయన చేతుల్లో అంత పట్టు లేదు. తర్వాత ఆయన తనలాంటివారిని నిలబెట్టే చక్రాల వాహనం తయారీకి పూనుకోవాల్సి వచ్చింది.

ఇంట్లో రీవాక్‌ వాడుకోవటానికి పెట్టిన షరతులు చూస్తే విషయం ఇంకా స్పష్టమవుతుంది. వెన్నుపాము ఛాతీ మధ్యభాగం నుంచి కిందికి దెబ్బతిన్నవారికే దాన్ని అనుమతించారు. భుజాలు, చేతులు బలంగా ఉండాలి. ఎముకలు గట్టిగా ఉండాలి. ఎత్తు 160 నుంచి 190 సెంటీమీటర్ల మధ్య, బరువు 100 కిలోల లోపు ఉండాలి. మన ఇళ్లలో ఎందరో అమ్మలు, అక్కచెల్లెళ్ల ఎత్తు 160 సెంటీమీటర్లకు తక్కువేనని మరవొద్దు. కండరాలు విపరీతంగా బిగుసుకుపోయినా, కీళ్లు వంగి గట్టిపడిపోయినా, మానని ఎముక విరుగుళ్లు ఉన్నా వాడకూడదు. పక్కన శిక్షణ పొందిన మనిషి ఉండాలి. పియెట్‌ తొడుక్కున్నటువంటి, తమంతట తామే తూకం నిలుపుకునే యంత్రాలూ వచ్చాయి. వీటికి చేతికర్రల అవసరం ఉండదు. కానీ బిగిసిపోయిన కీళ్లు, బోలు ఎముకలు వాటికీ అడ్డంకే.

ఈ షరతుల్లో చాలావాటిని నిర్ణయించేది యంత్రం తయారీదారులు కాదు. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చుకున్నాక మనం చేసేది, చేయనిది. కదలిక లేని కీలు వారాల్లోనే బిగుసుకోవటం మొదలెడుతుంది. పాదం కిందికి వంగిపోతే ఏ యంత్రమూ దాన్ని నేల మీద సరిగా ఆనించలేదు. బరువు పడని ఎముకలు పలచబడతాయి. పిరుదుల మీద ఒక్క పడక పుండు పడితే సాధన నెలల తరబడి వెనక్కి పోతుంది. అందుకే కీళ్లను రోజూ అన్ని దిక్కులా కదిలించటం, పాదాన్ని థెరపిస్టు చెప్పిన పట్టీతో తిన్నగా ఉంచటం, మంచంలో రెండేసి గంటలకు పక్కకు తిప్పటం, చచ్చుబడిన చేతిని పట్టుకొని లాగకుండా లేపటం ఎంతో ముఖ్యం. చూడటానికివి చిన్న పనులు. రేపటి ఏ చికిత్సకైనా తలుపు తెరిచి ఉంచేవి ఇవే.

పక్షవాతం వచ్చినవారికి యంత్రం పాత్ర ఇంకోలా ఉంటుంది. ఇక్కడ దాన్ని కొనుక్కొని జీవితాంతం తొడుక్కోవటం లక్ష్యం కాదు. పునరావాస కేంద్రంలో దాని సాయంతో వందల అడుగులు వేయించి, మెదడుకు నడకను మళ్లీ నేర్పించటం లక్ష్యం. ఒకరిని పట్టుకొని నడిపిస్తే థెరపిస్టు పది నిమిషాల్లో అలసిపోతారు, యంత్రం అలసిపోదు. ప్రపంచవ్యాప్తంగా జరిగిన 60కి పైగా అధ్యయనాలను పరిశీలించిన కాక్రేన్‌ సమీక్ష దీని ఫలితాన్ని లెక్కగట్టింది. ఫిజియోథెరపీకి యంత్రంతో నడక సాధన తోడైతే ఒకరి సాయం లేకుండా నడవగలిగే అవకాశం పెరుగుతోందని తేల్చింది. ముఖ్యంగా మేలు పొందుతున్నది తొలి మూడు నెలల్లో ఉన్నవారు, ఇంకా నడవలేని స్థితిలో ఉన్నవారు. ఇందులో రెండు మాటలు గుర్తుంచుకోవాలి. ఒకటి, 'ఫిజియోథెరపీకి తోడైతే'. రెండోది, 'తొలి మూడు నెలలు'. రోబో ఉన్న పెద్ద ఆసుపత్రిలో చోటు కోసం ఎదురుచూస్తూ ఇంటి దగ్గరి థెరపిస్టును మానిపించటం అన్నిటికన్నా ఖరీదైన పొరపాటు.

ఆన్‌లైన్‌లో కనబడే మరో రకం గురించీ చెప్పాలి. చైనాలోని తైషాన్‌ కొండ మెట్లెక్కే యాత్రికులకు 2025 ఆరంభం నుంచి నడుముకు, తొడలకు కట్టుకునే తేలికపాటి యంత్రాలు అద్దెకిస్తున్నారు. అలిపిరి మెట్లెక్కే మనవాళ్లకూ ఇలాంటిది ఉంటే బాగుండుననిపించొచ్చు. ఇవి నడవగలిగినవారి శ్రమను కొంత తగ్గించేవి. చచ్చుబడిన కాళ్లను నడిపించలేవు, మోకాళ్ల అరుగుదలకు మందూ కావు. తూలి పడే అలవాటున్న పెద్దవాళ్లకు డాక్టర్ని అడగకుండా వీటిని కానుకగా ఇవ్వకండి.

ఇక డబ్బు మాట. అమెరికా ప్రభుత్వ బీమా మెడికేర్‌ 2024లో ఇలాంటి ఒక్కో యంత్రానికి చెల్లించటానికి ఒప్పుకొన్న మొత్తం దాదాపు 91 వేల డాలర్లు. అంటే సుమారు 75 లక్షల రూపాయలు. ఖర్చు కొనటంతో ఆగదు. అదే ఏడాది అమెరికాలో ఓ మాజీ జాకీ కాళ్ల యంత్రం చిన్న బ్యాటరీ లోపంతో ఆగిపోయింది. ఐదేళ్లు దాటిన యంత్రాన్ని బాగుచేయబోమని తయారీ సంస్థ చెప్పింది. వార్తల్లోకి ఎక్కాకే అది బాగైంది. అందుకే పొలం అమ్మి, పీఎఫ్‌ తీసి కొనే ముందు కొన్ని ప్రశ్నలకు జవాబు రాబట్టండి. మనవాళ్ల సమస్యకే దీనికి అనుమతి ఉందా? కొనకముందు ఆసుపత్రిలో కొన్ని వారాలు వాడి చూడొచ్చా? చెడిపోతే బాగుచేసేవారు ఎక్కడున్నారు, ఎన్నేళ్ల దాకా చేస్తారు? మన గడపలు, తడి నేల, ఇరుకు బాత్రూం తలుపుల మధ్య దీంతో తిరగగలరా?

చివరి ప్రశ్నకు 'లేదు' అనే జవాబు వస్తే కుంగిపోవాల్సిన పనిలేదు. మన ఇళ్లలో చక్రాల కుర్చీని ఓటమి గుర్తుగా చూస్తాం. 'కుర్చీకి అలవాటు పడితే ఇక నడవడు' అని దాన్ని దూరం పెట్టి, మనిషిని మాత్రం ఏళ్ల తరబడి మంచానికే వదిలేస్తాం. నడవటం ఎందుకు? బయటికెళ్లటానికి, పని చేసుకోవటానికి, పెళ్లికెళ్లి నలుగురితో కలిసి భోంచేయటానికి. ఈ పనులు ఈ రోజు కుర్చీతో సాధ్యమైతే కుర్చీయే కాళ్లు. జ్యోతి మోసిన పియెట్‌ కూడా టెన్నిస్‌ ఆడేది చక్రాల కుర్చీలోనే!

ఇళ్లు చేయాల్సింది ఇళ్లు చేస్తాయి. ప్రభుత్వాలు చేయాల్సిందీ ఉంది. మ్యాన్‌హోళ్లు శుభ్రం చేసే బ్యాండికూట్‌ రోబోను తయారుచేసిన కేరళ సంస్థ జెన్‌రోబోటిక్స్‌ నడక సాధన యంత్రం 'జి-గెయిటర్‌'నూ రూపొందించింది. ఒక కుటుంబం కొనలేని యంత్రాన్ని ఒక జిల్లా కొనగలదు. తెలుగు రాష్ట్రాల్లోని ప్రతి జిల్లా ఆసుపత్రిలో మంచి పునరావాస విభాగం, దానిలో ఇలాంటి యంత్రం ఉంటే వందల మంది వంతులవారీగా వాడుకోవచ్చు. చాలా బీమా పాలసీలు ఆసుపత్రి బిల్లు చూస్తాయి గానీ, ఆ తర్వాత నెలల పాటు సాగే ఫిజియోథెరపీని పట్టించుకోవు. ప్రాణం కాపాడటానికి లక్షలిచ్చి, ఆ ప్రాణం లేచి నిలబడటానికి వేలు ఇవ్వకపోవటం ఏం లెక్క? పాలసీ కొనేటప్పుడు ఈ మాట మనమూ అడగాలి.

యంత్రాలు ఏటికేడు తేలికవుతున్నాయి, చవకా అవుతాయి. ఆ రోజు కోసం ఆశ పెట్టుకోండి. కానీ ఎదురుచూస్తూ కూర్చోకండి. ఈ సాయంత్రం నాన్న మడమ పట్టుకొని పాదాన్ని మెల్లగా పైకి వంచండి. పదిసార్లు. రేపు మళ్లీ.