చదవలేని తీర్పు

శస్త్రచికిత్స, కిమోథెరపీ, రేడియేషన్‌ల గండాలన్నీ గట్టెక్కి ఇల్లు చేరిన కేన్సర్ రోగికి అసలు పరీక్ష కొన్ని నెలల తరవాత ఎదురవుతున్నది. స్కాన్ నివేదిక సాయంత్రానికే చేతికందుతుంది. డాక్టరు దర్శనం వారానికి గాని దొరకదు. ఆంగ్లంలోని ఆ రెండు పేజీలను చదువుకున్న బంధువుల చేత చదివించుకుని, ఒక్కో మాటకు ఒక్కో అర్థం ఊహించుకుంటూ నిద్రకు దూరమయ్యే కుటుంబాలు దేశమంతటా ఉన్నాయి. అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ అంచనా ప్రకారం 2022లో భారత్‌లో కొత్తగా ఈ వ్యాధి బారిన పడినవారు 14 లక్షల పైచిలుకు. ఇది కొద్దిమంది సమస్య కాదు.

'స్టేబుల్ డిసీజ్' అన్న మాట చూడగానే చికిత్స వృథా అయిందని కుంగిపోయేవారున్నారు. వైద్యలోకం అనుసరించే రెసిస్ట్ ప్రమాణాలను 2009లో సవరించారు. వాటి ప్రకారం ఎంపిక చేసి కొలిచిన కణితుల వ్యాసాల మొత్తం 30 శాతం తగ్గితే పాక్షిక స్పందన. 20 శాతం, దానితోపాటు కనీసం 5 మిల్లీమీటర్లు పెరిగితే వ్యాధి ముదిరినట్లు. కొత్తచోట కణితి పుట్టినా అంతే. ఈ రెంటికీ నడుమ ఉన్నది 'స్థిరం'. 22 మిల్లీమీటర్ల కణితి 24 అయినంత మాత్రాన ముప్పు ముంచుకొచ్చినట్లు కాదు. తగ్గుదలను చికిత్సకు ముందటి కొలతతోను, పెరుగుదలను అప్పటిదాకా నమోదైన అతి తక్కువ కొలతతోను పోల్చాలి. పాత స్కాన్ పక్కన లేనిదే కొత్త నివేదిక సగం మాటే చెబుతుందన్నమాట.

పెట్ స్కాన్‌లో మెరిసేదంతా కేన్సర్ కాదు. గ్లూకోజును పోలిన రేడియోధార్మిక పదార్థం ఎక్కడ ఎక్కువగా చేరిందో చూపే పరీక్ష ఇది. వాచిన కణజాలం, ఇన్‌ఫెక్షన్ సోకిన గ్రంథి కూడా దానిని పీల్చుకుంటాయి. ప్రపంచ క్షయ రోగుల్లో సుమారు నాలుగోవంతు ఉన్న దేశంలో ఛాతీలో ఒక గ్రంథి వెలిగితే, పాత శత్రువు తిరిగివచ్చిందో, క్షయ పొంచి ఉందో బయాప్సీతో గాని తేలని సందర్భాలుంటాయి. తల, మెడ కేన్సర్లలో రేడియేషన్ తరవాత ఈ స్కాన్‌కు సుమారు 12 వారాలు ఆగమనడానికి కారణమూ ఇదే. ఎస్‌యూవీ అనే అంకె కూడా రక్తంలోని చక్కెరను, ఇంజెక్షన్ తరవాత గడిచిన సమయాన్ని, యంత్రాన్ని బట్టి మారుతుంది. నివేదిక అడుగున 'రోగి స్థితితో సరిపోల్చుకోవాలి' అని రాసేది రేడియాలజిస్టు చేతులు దులుపుకోవడానికేనని కొందరి అనుమానం. నిజానికి ఆ నివేదికలో రోగి అన్నిటికన్నా ముందు చదవవలసిన వాక్యం అదే.

జాతీయ మానవహక్కుల కమిషన్ 2018లో రూపొందించిన హక్కుల పత్రం, రోగికి తెలిసిన భాషలో సమాచారం ఇవ్వాలన్నది. ఆచరణలో ఆ హక్కు కాగితం దాటలేదు. రోగి కోరిన 72 గంటల్లో రికార్డులు అందజేయాలన్న 2002 నాటి వైద్యవృత్తి నియమావళి, ఇన్‌పేషెంట్ల రికార్డులను మూడేళ్లు భద్రపరిస్తే చాలునంటున్నది. కేన్సర్ రోగిని సాధారణంగా అయిదేళ్లు, ఆపైన కూడా గమనించవలసి ఉండగా, పోల్చి చూడవలసిన పాత చిత్రాన్ని మూడేళ్లకే వదిలించుకోవచ్చుననడం ఎక్కడి తర్కం? ఆయుష్మాన్ భారత్ పథకం కుటుంబానికి ఏటా 5 లక్షల రూపాయలదాకా ఆసుపత్రి చికిత్సను భరిస్తున్నా, డిశ్చార్జి తరవాతి ఖర్చులకు ఇచ్చిన గడువు 15 రోజులే. గోరుచుట్టుపై రోకటిపోటులా, అవసరంలేని స్కాన్ల బరువూ రోగిపైనే పడుతున్నది. తొలిదశ రొమ్ము కేన్సర్‌కు చికిత్స పూర్తయి, ఏ లక్షణాలూ లేని మహిళలకు క్రమం తప్పని వైద్యపరీక్ష, ఏటా మామోగ్రామ్ చాలునని, పెట్ స్కాన్లు అక్కరలేదని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి.

ఏ తేదీనాటి స్కాన్‌తో పోల్చారో, ఏం మారిందో, తరవాత చేయవలసినదేమిటో నాలుగు వాక్యాల్లో రోగి భాషలో రాసివ్వడానికి కోట్ల రూపాయల యంత్రాలేమీ అక్కరలేదు. 2012లో ఏర్పడిన జాతీయ కేన్సర్ గ్రిడ్ తన పరిధిలోని ఆసుపత్రులన్నిటికీ అటువంటి ఒకే నమూనాను నిర్దేశించవచ్చు. రికార్డుల గడువును కేన్సర్ రోగుల విషయంలో కనీసం పదేళ్లకు పెంచే పనిని కేంద్ర ఆరోగ్యశాఖ, జాతీయ వైద్య కమిషన్ చేపట్టాలి. అంతదాకా స్కాన్ తేదీతోపాటే డాక్టరును కలిసే తేదీని కూడా ఖరారు చేసి ఇవ్వడం ఏ ఆసుపత్రికైనా రేపటినుంచే సాధ్యం.