కళాకారుని అడుగవలసిన ప్రశ్న

సంగీత విద్వాంసులతో మనవారు జరిపే సంభాషణలలో ఒక విచిత్రమైన మర్యాద కనబడుతుంది. గురువు ఎవరు, ఏ వయస్సున సాధన ఆరంభమైనది, ప్రేరణ ఎక్కడిది అని అడుగుతారు. ఇల్లు ఎట్లా గడుస్తున్నదని మాత్రం అడుగరు. సృజన పవిత్రమైనదనీ, డబ్బు ప్రసక్తి దానికి మైల అనీ మన భావన కాబోలు. ఒకరి జీతం మీద గాక తన కళ మీదనే ఆధారపడి స్వతంత్రంగా బ్రతుకుతున్న కళాకారునికి ఈ మర్యాద మేలు కంటే చేటే ఎక్కువ చేస్తున్నదని నా అభిప్రాయం.

జీవిక ప్రశ్న కళకు వెలుపలిది కాదు. ఖవ్వాలీ మెహఫిల్‌నే చూడండి. ఒక పంక్తి విని శ్రోతలలో ఎవరో పరవశించి లేచి నజరానా సమర్పిస్తారు. గాయకుడు ఆ పంక్తినే మళ్ళీ మళ్ళీ అందుకొంటాడు. కొత్త విరుపులతో పెంచుతాడు. ఆ పరవశం తీరేవరకు ముందుకు సాగడు. అక్కడ రాబడి ఎంతవరకు, సృజన ఎంతవరకు అని గీత గీయగలవారెవరు? నజరానా సంగతి తెలియనివానికి ఆ పాట నడక సగమే బోధపడుతుంది.

ప్రకాశం జిల్లా కరవదిలో 1924లో జన్మించిన షేక్ చినమౌలానా సాహెబు తంజావూరు నాదస్వర బాణీని వశం చేసుకొని శ్రీరంగంలో స్థిరపడినారు. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీవారి సంగీత కళానిధి బిరుదు ఆయనను వరించినవి. ఆయన శిష్యులైన షేక్ మహబూబ్ సుభాని, కాలీషాబీ దంపతులు కూడ శ్రీరంగాన్నే నివాసం చేసుకొన్నారు. 2020లో వారికీ పద్మశ్రీ లభించింది. ఈ కథ చెప్పేటప్పుడు మనవారు మతసామరస్యాన్ని కొనియాడి ఊరుకొంటారు. కొనియాడదగినదే, కాదనను. కాని నాదస్వరం ఆలయోత్సవాలనూ, వివాహాలనూ ఆశ్రయించిన వాద్యం. తెలుగు విద్వాంసులకు కావేరీ తీరం ఇచ్చినదేమిటి, కృష్ణా తీరం ఇవ్వలేకపోయినదేమిటి అన్నది కూడ అడుగవలసిన ప్రశ్నే గదా!

పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. ‘భీమ్లా నాయక్’ చలనచిత్ర గీతంలో ఆయన గళం ఊరూరా మ్రోగింది. ఎందరో ఆయనతో సంభాషించినారు. కిన్నెర మెట్లను లెక్కపెట్టించినారు. హైదరాబాదు సమీపంలో ఒక కట్టడం వద్ద ఆయన దినకూలీగా పనిచేస్తున్నారన్న వార్త 2024 మే నెలలో పత్రికలకెక్కింది. నెలనెలా అందే గౌరవభృతి ఆగిపోయిందన్న ఆయన మాట అప్పుడు గాని లోకానికి వినబడలేదు. పాతకాలపు ప్రశ్నలనే పట్టుకొని వ్రేలాడినవారికి ఆ మాట ఎట్లా వినబడుతుంది?

అడిగినందువలన లాభమేమిటని కొందరంటారు. లాభమున్నది. 1957 నాటి కాపీరైటు చట్టాన్ని 2012లో సవరించినారు. తన ప్రదర్శనను వాణిజ్యానికి వినియోగించినప్పుడు అందులో రాయల్టీ పొందే హక్కు గాయకునికీ, వాద్యకారునికీ ఆ సవరణతో కలిగింది. చట్టం ఉన్నంత మాత్రాన సొమ్ము నడిచి రాదు. ఒక రాత్రి కూలికి వాయించి, చూపినచోట వేలిముద్ర వేసి వచ్చినవానికి ఆ హక్కు పేరైనా తెలియదు. ఆ కాగితంలో ఏమి వ్రాసి ఉన్నదని అతనిని అడిగిన సంభాషణ ఒక్కటైనా నేనింతవరకు చదువలేదు. మన విద్యార్థులలో పత్రికారంగానికి పోదలచినవారున్నారు. ఉర్దూ, తెలుగు రెండూ వచ్చినవారు కనుక ఖవ్వాలు గడపకైనా, కిన్నెర గుడిసెకైనా దుబాసీ లేకుండానే పోగలరు.