విఫలప్రయోగములను దాచవలదు

హైదరాబాదునుండి నాగార్జునసాగరమునకు బోవు రహదారిపై ఇబ్రహీంపట్నమును సమీపించినకొలది ఇంజినీరింగు కళాశాలలు వరుసగా కానవచ్చును. నేటి విద్యార్థులలో పలువురు అచ్చట కోరి చేరునది కృత్రిమమేధ, డేటాసైన్సు శాఖలలోనే. ఆ దాపుననే యాచారము, కందుకూరు, కడ్తాలు మండలములలో ఔషధనగరమునకై సుమారు 19 వేల యెకరములు తలపెట్టబడుటయు, రైతులు దానిని ప్రతిఘటించుటయు, పిదప ప్రభుత్వముల సంకల్పములే మాఱుటయు మన మెఱిగినవే. ఈ విద్యను, ఆ పరిశ్రమను కలుపు వృత్తి యొకటి కలదు: అది ఔషధపరిశోధనలో ఏఐ డేటా సైంటిస్టు కొలువు.

ఏ అణువు రోగకారకమగు ప్రోటీనునకు అంటుకొనునో, ఏది కాలేయమునకు విషమగునో, ఏది దేహమున కరుగక వ్యర్థమగునో లెక్కకట్టి, రసాయనజ్ఞునకు ప్రయత్నింపదగినవానిని, విడువదగినవానిని వేఱుపఱచి యిచ్చుట యీతని పని. ఈ పనికి ప్రోగ్రాములు వ్రాయు నేర్పొక్కటియే చాలునని మన విద్యార్థులు తలచుచున్నారు. యంత్రమునకు పాఠము చెప్పు దత్తాంశములు ఎట్టివో వారు అరుదుగా నడుగుదురు.

2020లో అమెరికాయందలి ఎమ్.ఐ.టి. పరిశోధకులు యంత్రసాయమున హాలిసిన్ అను బాక్టీరియానాశకమును కనుగొన్న విధము చూడుడు. వారు 2,335 అణువులను ఇ.కోలి బాక్టీరియాపై ప్రయోగింపగా 120 మాత్రమే దాని పెరుగుదలను అరికట్టినవి. తక్కిన 2,215 విఫలములే యైనను, ఫలించినవానిని, ఫలింపనివానిని పక్కపక్కన జూచినందుననే యంత్రమునకు విచక్షణ యలవడి, సుమారు 6 వేల యితర అణువులలోనుండి, పూర్వము మధుమేహమునకై పరిశీలింపబడి విడువబడిన యొక పదార్థమును ఎత్తిచూపగలిగినది. అది యెలుకలలో ఫలించినను, నేటికిని ఆమోదము పొందిన మందు కాలేదు.

మన పరిశోధనశాలలలోనో, సఫలమైన రసాయనచర్య వ్యాసమునకు, పేటెంటునకు ఎక్కును. చెడినది నోటుపుస్తకమున నణగిపోవును. పొరుగుచేలలో ఏ బోరు ఎండెనో విచారింపక ఈ సీమ రైతు తన బోరు వేయడు. కోట్లు వెచ్చించు పరిశోధకులు మాత్రము ఒకరు చెడగొట్టుకొన్న చర్యనే మఱియొకరు తెలియక మరల చెడగొట్టుకొనుచుందురు. విజయములనే చదివిన యంత్రము ప్రతి యణువునందును విజయమునే ఊహించును.

వ్యాపారరహస్యము బయటపడునను సంస్థల భయము నిరాధారము కాదు. కాని 2019లో యూరపున ప్రారంభమైన మెలొడ్డి అను ప్రణాళికయందు పది ఔషధసంస్థలు, తమ దత్తాంశములను గడప దాటనీయకయే, అందఱి యనుభవమునుండి నేర్చు నమూనాలను కలసి నిర్మించినవి. అచ్చట సాధ్యమైనది ఇచ్చట అసాధ్యమనుటకు హేతువు లేదు.

ఈ కార్యమునకు ప్రభుత్వ సంస్థలు తొలియడుగు వేయవలయును. తార్నాకలోని రసాయనపరిశోధనసంస్థ ఐఐసీటీయు, బాలానగరులోని ఔషధవిద్యాసంస్థ నైపరును ప్రజాధనముతో నడచునవే గనుక, వాని విఫలప్రయోగములు సయితము ప్రజల సొత్తే. ఇబ్రహీంపట్నము కళాశాలలు డేటాసైన్సు విద్యార్థిచే ఒక సెమిస్టరైనను రసాయనప్రయోగశాలలో పని చేయింపవలయును. చర్య ఎట్లు చెడునో కన్నులార జూడనివాడు యంత్రము చెప్పు లెక్కను శంకింపజాలడు. ప్రభుత్వము తానిచ్చు ప్రతి పరిశోధననిధికి ఒక నియమము విధింపవలయును: వైఫల్యముల నమోదును సమర్పింపనిదే కడపటి వాయిదా చెల్లింపరాదు.