రెండో కాలు

పిల్లలూ! 1953లో మన కర్నూలు ఆంధ్రరాష్ట్రానికి రాజధాని అయింది గదా! ఆ రోజుల్లోనే హైదరాబాదు సిటీ పోలీసు జట్టు ఫుట్‌బాల్ ఆటలో దేశమంతటా పేరు మోగించింది. బొంబాయిలో అప్పట్లో జరిగే రోవర్సు కప్పును 1950 మొదలు 1954 దాకా, వరుసగా అయిదేళ్లు ఆ జట్టే గెలుచుకున్నది!

వారికి ఆట నేర్పినవారు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన బడిపంతులు. చాలామందికి వాటమైన కాలు ఒకటే వుంటుంది. ఆయన మాత్రం వాటంలేని కాలితోనే బంతి తన్నాలని పోటీలు పెట్టేవారు. రెండు కాళ్లూ సమంగా ఆడితే, బంతి ఎటు పోతుందో అవతలివాడు ఊహించలేడు మరి!

1962లో జబ్బుతో వుండి కూడా ఆయన మన దేశపు జట్టును జకార్తాలో ఆసియా క్రీడలు ఆడించి, బంగారు పతకం గెలిపించారు. మరుసటి ఏడే కన్నుమూశారు.

ఈ సాయంత్రం మీ రెండో కాలికీ కాస్త పని చెప్పండి!