వదినమ్మకు ఎండ తగలనివ్వకండి

ముక్త్యాల ఎండ సంగతి మీకు కొత్తగా చెప్పాలా? వేసవిలో కృష్ణ ఒడ్డున ఇసుక కాలు పెట్టనివ్వదు. ఆ ఎండలోనే మిరపకాయలు ఆరబోస్తాం, వడియాలు పెడతాం. కానీ రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ఆసుపత్రికో, 2000లో మొదలైన బసవతారకానికో వెళ్ళి, రొమ్ము క్యాన్సర్‌కి కరెంటు పెట్టించుకొచ్చిన వదినమ్మ మాటేమిటి?

కరెంటు, అంటే రేడియేషన్, పెట్టినచోట చర్మం కమిలి సున్నితమవుతుంది. అక్కడ కనీసం ఏడాదిపాటు ఎండ పడనివ్వకూడదు. సెలైన్‌లో ఎక్కించే మందుల్లోనూ కొన్నింటివల్ల ఒళ్ళు త్వరగా కమిలిపోతుంది. జాకెట్టు వదులుగా, మెత్తని నూలుగుడ్డతో, మెడ కిందికి దిగకుండా కుట్టించండి. జుట్టు రాలితే తలకి పాత నూలు చీర ముక్క చుట్టుకోవాలి. చల్లదనమని వెన్న, పసుపు పట్టించెయ్యకండి, డాక్టరుగారిని అడగండి.

చిక్కేమిటంటే, ఆవిడ ఊరుకోదు. కూర్చుంటే నలుగురూ జాలిపడతారని తనే డాబా ఎక్కుతుంది. "పడుకో వదినా" అంటే మనసు చివుక్కుమంటుంది. పిండి గిన్నె మీరు పట్టుకెళ్ళి, నీడపట్టున చింతపండు గింజలు తీసే పని ఆవిడకివ్వండి. పక్కనే కూర్చుని కబుర్లు చెప్పండి. జబ్బు సంగతి ఆవిడ ఎత్తితేనే మాట్లాడండి.

కొందరు పసిపిల్లల్ని దగ్గరికి పోనివ్వరు. ఎంత అన్యాయం! ఇది అంటుజబ్బు కాదు. యంత్రంతో బయటినుంచి పెట్టిన కరెంటు ఒంట్లో మిగలదు. మనవణ్ణి ఒళ్ళో పెట్టండి.

ఎండ వాలాక ముక్తేశ్వరస్వామి గుడిదాకా తోడు వెళ్ళండి. మళ్ళీ పరీక్షలకని పొద్దున్నే జగ్గయ్యపేటలో హైదరాబాదు బస్సెక్కితే, ఎడమవైపు సీటు పట్టండి, నీడ అటే ఉంటుంది.