నిమ్మకాయలా, నూనె స్ప్రేనా?

మా కారు వయసు పదకొండేళ్ళు. ఆ మధ్య దానికో జబ్బు పట్టుకుంది. స్టీరింగు కాస్త వదిలితే ఎడమ వైపుకి లాగేది. ఆపి దిగగానే కాలిన వాసన. పెట్రోలు కూడా ఎక్కువే తాగుతోంది. ముందు ఎడమ బ్రేకు పట్టేసి వదలడం లేదని తెలుస్తూనే ఉంది. ఒక ఆదివారం చక్రం విప్పి, డిస్కుకి గుడ్డ అడ్డం పెట్టి, తుప్పు వదిలించే నూనె స్ప్రే క్యాలిపర్ పిన్నుల మీద కొట్టాను. అదే సాయంత్రం మా బావమరిది నాకు చెప్పకుండా నాలుగు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించి, బంపరుకి నల్లతాడు కట్టాడు.

రెండు వారాలు బండి బ్రహ్మాండంగా నడిచింది. "దిష్టి పోయింది, చూసారా బావగారూ!" అన్నాడు. నేను నవ్వుకున్నాను. 2019 అక్టోబరులో మన రక్షణ మంత్రి ఫ్రాన్సులో రఫేల్ విమానం చక్రాల కింద నిమ్మకాయలు పెట్టినప్పుడు మనమంతా నవ్వామే, అదే నవ్వు.

తర్వాత అరకు వెళ్ళాం. తిరుగు ప్రయాణంలో అనంతగిరి ఘాట్ దిగుతుంటే బ్రేకు పెడల్ మెత్తగా కిందకి పోయింది. వెనక సీట్లో మా ఆవిడ, పిల్లలు. గేర్లు తగ్గించి, హ్యాండ్ బ్రేకు లాగి, కొండ వైపు పక్కకి చేర్చి ఆపాను. ఎడమ చక్రం మీద నాలుగు నీటి చుక్కలు చల్లితే దోసె పెనం మీద పడ్డట్టు సుయ్ మన్నాయి. కుడి చక్రం మీద ఊరికే జారిపోయాయి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తదైతే కనీసం 205 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక ఆ హద్దు 140కి పడిపోతుంది. మరిగితే ఆవిరి బుడగలు. బుడగల్ని నొక్కితే అవే నలుగుతాయి తప్ప చక్రం ఆగదు. బండిని లారీ మీద ఎక్కించి కిందకి దించాం.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. భయం ఒక్కటే కాదు, సిగ్గు కూడా. నా దగ్గరున్న రుజువేమిటి? స్ప్రే కొట్టాను, తగ్గింది. అతని దగ్గర? నిమ్మకాయలు తొక్కించాడు, తగ్గింది. రెండూ ఒకే రోజు. నా వాదనకి కాస్త యంత్రశాస్త్రం వాసన ఉంది, అంతే. పిల్లల్ని ఘాట్ రోడ్డు ఎక్కించేముందు నేను పరీక్షించిందేమీ లేదు.

మర్నాడు మెకానిక్ ని ఇంటికి పిలిచాను. "రెండు క్యాలిపర్లూ, గొట్టాలూ, మాస్టర్ సిలిండరూ అన్నీ మార్చేద్దాం సార్" అన్నాడు. బాగవచ్చు. కానీ అన్నీ ఒకేసారి మారిస్తే ఏది చెడిందో ఎప్పటికీ తెలియదు, చెడిన కారణం అలాగే ఉండిపోతుంది. నా ఉద్దేశంలో అదీ ఒక రకం నిమ్మకాయే, ఖరీదైనది. పైగా మాస్టర్ సిలిండర్ తప్పయితే మామూలుగా ఒక్క చక్రంతో ఆగదు.

డిస్కు బ్రేకులో పిస్టన్ని వెనక్కి లాగే స్ప్రింగు ఉండదు. దాని చుట్టూ ఉన్న రబ్బరు సీలు, తొక్కినప్పుడు కొంచెం మెలి తిరిగి, వదలగానే తన ఆకారానికి వస్తూ పిస్టన్ని వెనక్కి తెస్తుంది. ఆ వెసులుబాటు చాలా కొద్ది. అందుకే చిన్న అడ్డమైనా బ్రేకు పట్టేస్తుంది. విప్పకముందే ఒక కాగితం మీద ఇలా రాసాను: రబ్బరు గొట్టం లోపల మూసుకుపోతే ఆయిల్ ఒత్తిడి అక్కడే చిక్కుకుంటుంది, బ్లీడర్ స్క్రూ వదులు చేయగానే చక్రం తిరగాలి. పిస్టన్ తుప్పు పడితే చక్రం తిరగదు, క్లాంపు పెట్టి నొక్కినా పిస్టన్ లోపలికి పోదు. పిన్నులు బిగుసుకుంటే పిస్టన్ పోతుంది, క్యాలిపర్ జరగదు.

బండిని జాకీతో లేపి, స్టాండ్లు పెట్టి, ఒకసారి పెడల్ తొక్కి వదిలాం. కుడి చక్రం చేత్తో తిప్పితే తిరిగింది. ఎడమది కదల్లేదు. స్క్రూ వదులు చేసినా కదల్లేదు. గొట్టం కాదన్నమాట. క్లాంపుకి పిస్టన్ వెన్నలా లోపలికి పోయింది. పై పిన్ను సాఫీగా ఆడుతోంది, కింద పిన్ను మాత్రం సుత్తి దెబ్బలకి గానీ ఊడలేదు. దాని మీది రబ్బరు బుష్ ఉబ్బిపోయి ఉంది.

ఎందుకుబ్బింది? పెట్రోలియం గ్రీజు ఆ రబ్బరుకి పడదు, అక్కడ రాయాల్సింది సిలికాన్ గ్రీజు. అంతకుముందు ప్యాడ్లు మార్చిన షెడ్డులో బేరింగులకి వాడే మామూలు గ్రీజే రాసారు. దాని మీద నేను కొట్టిన నూనె స్ప్రే కూడా పెట్రోలియం సరుకే! రెండు వారాలు జారుడు ఇచ్చింది, ఆ రబ్బరుని ఇంకాస్త ఉబ్బించింది. అంటే మా బావమరిది నిమ్మకాయలు ఏ హానీ చెయ్యలేదు, నా మందు చేసింది.

కొత్త బుష్, డస్ట్ కవర్లు, సిలికాన్ గ్రీజు వేసాం. మాడిన ప్యాడ్లు తీసేసి రెండు వైపులా కొత్తవి పెట్టాం. పాత బ్రేక్ ఆయిల్ మొత్తం తీసి కొత్తది పోసి, గాలి పోయేదాకా బ్లీడింగ్ చేసాం. బండి కదిపే ముందు పెడల్ గట్టిపడేదాకా తొక్కడం మరవకూడదు, పిస్టన్ వెనక్కి నెట్టాక మొదటి తొక్కుడు ఉత్తదే అవుతుంది. ఆ తర్వాత ఎనిమిది కిలోమీటర్లు నడిపి రెండు చక్రాలూ చూసాం. మళ్ళీ నెలకి, మళ్ళీ వానలయ్యాక. వేడి రెండిటికీ సమానం. (కరోనా రోజుల్లో కొన్న జ్వరం గన్ను ఇక్కడ పనికిరాదు, నలభై దాటగానే చేతులెత్తేస్తుంది. నీటి చుక్కలే నయం.)

పరీక్షకి ముందు నల్లతాడు తీసేయమన్నాను. "ఉంటే నష్టమేంటి బావగారూ?" అన్నాడు. ఉంటే దేని వల్ల బాగయిందో మళ్ళీ తేలదన్నాను. కాసేపు ఆలోచించి, తనే కోసేసాడు.

ఆ పాత షెడ్డుకి వెళ్ళి ఉబ్బిన బుష్ చూపించాను. యజమాని శ్రద్ధగానే విన్నాడు. "ఇరవై ఏళ్ళుగా ఇదే రాస్తున్నాం సార్, ఎవరూ ఏమీ అనలేదు" అన్నాడు. పోయిన వారం అటు వెళ్తే ఆ గ్రీజు డబ్బా ఇంకా అక్కడే ఉంది. ఈసారి ఒక సిలికాన్ గ్రీజు ట్యూబు కొని పట్టుకెళ్తున్నాను.